డ్రైవింగ్ వయసు 21కి పెంచితే ప్రమాదాలు తగ్గుతాయా?

క్లుప్తంగా: మన దేశంలో బండి నడపడానికి కనీస వయసు 18. పెద్ద ప్రమాదం జరిగి, అందులో కుర్రాడి పేరు వినిపించినప్పుడల్లా దీన్ని 21 చేయాలన్న డిమాండ్ వస్తోంది. కనీస వయసు ఎక్కువగా ఉన్న చోట చిన్న వయసువాళ్ల ప్రమాదాలు తక్కువన్నది నిజమే. అయితే మన చిక్కులు రెండూ వేరే చోట ఉన్నాయి. 18 నిండనివాళ్లు చట్టం వద్దన్నా నడుపుతున్నారు. 18 నిండినవాళ్లకు నెల రోజుల శిక్షణ గడువుతోనే అన్ని అనుమతులూ ఒకేసారి చేతికొస్తున్నాయి. మోటారు వాహనాల చట్టంలో ఈ వయసు చెప్పే సెక్షన్ 4లో అంకె మార్చినంత మాత్రాన ఈ రెండూ మారవు.

2024 మే 19 తెల్లవారుజామున పుణెలోని కల్యాణీనగర్‌లో ఒక ఖరీదైన కారు మోటార్ సైకిల్‌ను ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. కారు నడిపిన అబ్బాయికి 17 ఏళ్లు. జువెనైల్ జస్టిస్ బోర్డు మొదట బెయిలిస్తూ పెట్టిన షరతుల్లో రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయడం ఒకటి. దేశమంతా దాని మీదే మాట్లాడుకుంది. డ్రైవింగ్ వయసు పెంచాలన్న వాదన కూడా అప్పుడు గట్టిగా వినిపించింది. కానీ ఆ అబ్బాయి అప్పటికే ఉన్న వయసు నిబంధనను దాటి బండెక్కినవాడు. పరిమితి 18 అయినా, 21 అయినా, 25 అయినా ఆ రాత్రి జరిగినదానిలో తేడా ఉండేది కాదు.

కాబట్టి ప్రశ్నను రెండుగా విడదీసి చూడాలి. లైసెన్సు లేకుండా నడిపే మైనర్ల సంగతి ఒకటి. లైసెన్సు చేతికొచ్చిన కొత్తలో 18, 19 ఏళ్లవాళ్లు చేసే ప్రమాదాల సంగతి ఇంకొకటి. వయసు పెంపు సూటిగా తాకేది రెండోదాన్నే.

చట్టంలో ఉన్నది ఏమిటి

1988 మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 4 ప్రకారం 18 ఏళ్లు నిండనివారు బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపకూడదు. లారీ, బస్సు లాంటి రవాణా వాహనాలకు 20 ఏళ్లు నిండాలి. 1939 నాటి పాత చట్టంలోనూ ఈ అంకెలు ఇవే. ‘ఓటు 18కి ఇచ్చారు కాబట్టి బండీ 18కి ఇవ్వాలి’ అన్న వాదన తరచూ వినిపిస్తుంది గానీ అందులో పస లేదు. ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది 1989లో. డ్రైవింగ్ వయసు అంతకు అర్ధ శతాబ్దం ముందు నుంచే 18. పైగా ఒక్కో రకం బండికి ఒక్కో వయసు పెట్టే పద్ధతి మన చట్టానికి కొత్తేమీ కాదు.

18కి ఒక మినహాయింపు కూడా ఉంది. ఇంజన్ సామర్థ్యం 50 సీసీ దాటని మోటార్ సైకిల్‌ను 16 నిండినవారు నడపవచ్చు. లూనా, టీవీఎస్ 50 ఊరూరా తిరిగిన రోజుల్లో ఈ వెసులుబాటుకు అర్థం ఉండేది. ఇప్పుడు షోరూముల్లో ఆ సామర్థ్యం ఉన్న పెట్రోలు బండి దాదాపు దొరకదు. మోపెడ్ల వారసుడిగా పల్లెల్లో నడుస్తున్న టీవీఎస్ ఎక్స్ఎల్ కూడా 100 సీసీ తరగతిదే. స్కూటర్లు 110, 125 సీసీలు. అంటే ఇంటర్ చదివే పిల్లలకు చట్టం తెరిచిపెట్టిన తలుపు కాగితం మీద అలాగే ఉన్నా, అందులోంచి వెళ్లడానికి తగిన బండి లేదు. వాళ్లు మాత్రం 110 సీసీ స్కూటర్ల మీద తిరుగుతూనే ఉన్నారు.

ఎలక్ట్రిక్ బండ్లు వచ్చాక ఇంకో విచిత్రం తోడైంది. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, మిగతా సాంకేతిక షరతులకు లోబడిన బ్యాటరీ బండి అసలు మోటారు వాహనం కిందకే రాదు. దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చాలామంది తల్లిదండ్రులు పిల్లలకు కొనిస్తున్నవి ఇవే. మెకానిక్ దగ్గర స్పీడ్ లాక్ తీయించి వేగం పెంచుకుంటే మాత్రం మినహాయింపు పోతుంది. అప్పుడది మోటారు వాహనమే, దాన్ని నడిపే పిల్లవాడు లైసెన్సు లేని డ్రైవరే. ఈ సంగతి తెలిసి కొనేవాళ్లు ఎంతమందో చెప్పడం కష్టం. కాస్త ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్లకు 16 ఏళ్లకే అనుమతించాలన్న ఆలోచన 2018లో కేంద్ర స్థాయిలో చర్చకు వచ్చింది. అంటే వయసు పెంచాలన్న వాదనతో పాటు దించాలన్న వాదన కూడా ఉంది.

వయసు తక్కువ కావడమా, అనుభవం లేకపోవడమా?

కొత్త డ్రైవర్లకు ప్రమాదాలు ఎందుకు ఎక్కువన్న దాని మీద చాలా దేశాల్లో దశాబ్దాలుగా పరిశోధన జరిగింది. రెండు కారణాలు విడివిడిగా పనిచేస్తాయని తేలింది.

మొదటిది అనుభవం లేకపోవడం. పక్కన ఎవరూ లేకుండా నడపడం మొదలుపెట్టిన తొలి నెలల్లో ప్రమాదం ముప్పు అన్నిటికంటే ఎక్కువ. ఆ తర్వాత అది వేగంగా పడిపోతుంది. ఎదుటి బండి ఎంత వేగంతో వస్తోందో అంచనా వేయడం, ఆగి ఉన్న బస్సు ముందు నుంచి మనిషి దూకొచ్చేలా ఉన్నాడని ముందే పసిగట్టడం, తడి రోడ్డు మీద ఎంత ముందు బ్రేకు వేయాలో తెలియడం లాంటివి నడిపితేనే వస్తాయి. 18 ఏళ్ల కొత్త డ్రైవరుకైనా 30 ఏళ్ల కొత్త డ్రైవరుకైనా ఈ లోటు ఉంటుంది.

రెండోది వయసే. ఆవేశాన్ని అదుపు చేసి, పర్యవసానం ఆలోచించే మెదడు ముందుభాగం పూర్తిగా పరిణతి చెందేసరికి ఇరవైల మధ్యకు వస్తారు. దీనికి తోడు స్నేహితుల ప్రభావం. పక్కన తోటి వయసువాళ్లు ఉన్నప్పుడు టీనేజర్లు ఒంటరిగా ఉన్నప్పటి కంటే ఎక్కువ సాహసాలు చేస్తారని, పెద్దవాళ్లలో ఆ తేడా అంతగా ఉండదని ప్రయోగాల్లో కనిపించింది. కారులో కుర్రాళ్లు పెరిగేకొద్దీ నడిపే 16, 17 ఏళ్ల డ్రైవరుకు ప్రాణాంతక ప్రమాదం ముప్పు పెరుగుతుందని అమెరికా గణాంకాలూ చూపించాయి. ఒకే బండి మీద ముగ్గురు ఎక్కే మన కాలేజీ రోడ్లకు ఇది అక్షరాలా వర్తిస్తుంది.

21కి పెంచితే రెండో కారణం కొంత తగ్గుతుంది. మొదటిది అలాగే ఉంటుంది, మూడేళ్లు ఆలస్యంగా వస్తుందంతే. 21 ఏళ్లకు తొలిసారి రోడ్డెక్కే మనిషి కూడా కొత్తవాడే.

పెంచిన దేశాల్లో ఏం జరిగింది

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 16 ఏళ్లకే, షరతులతో, ఒంటరిగా కారు నడపవచ్చు. న్యూజెర్సీలో మాత్రం దానికి 17 నిండాలి. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే రాష్ట్రం కావడంతో అక్కడి ఇళ్లలో ఈ ఒక్క ఏడాది వయసు తేడా బాగా తెలిసిన విషయమే. డల్లాస్‌లో ఉన్న చుట్టాల అబ్బాయి 16కే కారులో బడికి వెళ్తుంటే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అదే ఈడు పిల్ల ఇంకా అమ్మానాన్నల మీద ఆధారపడుతుంది. 17 ఏళ్ల పరిమితి వల్ల న్యూజెర్సీలో 16 ఏళ్లవాళ్ల ప్రమాదాలు చుట్టుపక్కల రాష్ట్రాల కంటే బాగా తక్కువని పాత అధ్యయనాలు చెప్పాయి. నడపనివాళ్లకు డ్రైవింగ్ ప్రమాదాలు ఉండవు కదా, ఇందులో ఆశ్చర్యం లేదు.

ఇంతకంటే ఆసక్తికరమైన ఫలితం 2011లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. దశలవారీ లైసెన్సు (మొదట షరతులతో ఇచ్చి, మెట్టుమెట్టుగా పూర్తి అనుమతి ఇచ్చే పద్ధతి) నిబంధనలు కఠినంగా ఉన్న రాష్ట్రాల్లో 16 ఏళ్ల డ్రైవర్ల ప్రాణాంతక ప్రమాదాలు 26 శాతం తక్కువగా ఉన్నాయి. అదే రాష్ట్రాల్లో 18 ఏళ్లవాళ్ల ప్రాణాంతక ప్రమాదాలు 12 శాతం ఎక్కువగా ఉన్నాయి. దీనికి ఒక వివరణ ఉంది. అక్కడ చాలా చోట్ల ఆ కఠిన నిబంధనలు 18 లోపువాళ్లకే వర్తిస్తాయి. కొంతమంది ఆ తలనొప్పి ఎందుకని 18 దాకా ఆగి, శిక్షణ దశలేవీ లేకుండా నేరుగా పూర్తి లైసెన్సు తీసుకుంటారు. అలా ప్రమాదం ముప్పు కొంత పక్క వయసుకు మళ్లింది. వయసు పెంచాలనేవాళ్లు ముందుగా చూడాల్సిన ఫలితం ఇది. ఎందుకంటే ఏ దశలూ లేకుండా నేరుగా పూర్తి లైసెన్సు ఇవ్వడమే మన దేశంలో అందరికీ అమలయ్యే పద్ధతి.

న్యూజిలాండ్ 1987లోనే దశలవారీ లైసెన్సు పద్ధతి మొదలుపెట్టింది. 2011లో శిక్షణ మొదలుపెట్టే కనీస వయసును 15 నుంచి 16కి పెంచింది. అక్కడ కూడా వయసు పెంపు ఒక్కటే చేయలేదు. 16కు లెర్నర్ లైసెన్సు, ఆరు నెలల తర్వాత పరిమిత లైసెన్సు. పరిమిత దశలో రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా ఒంటరిగా నడపకూడదు, మామూలుగా ఎవరినీ ఎక్కించుకోకూడదు. ఆ దశ దాటాకే పూర్తి లైసెన్సు.

మనతో పోల్చడానికి బాగా కుదిరేది ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం. అక్కడా ఒంటరిగా నడపడానికి కనీస వయసు 18. కానీ 16కే లెర్నర్ పర్మిట్ ఇస్తారు. 21 లోపువాళ్లు పక్కన అనుభవజ్ఞుడిని కూర్చోబెట్టుకుని 120 గంటలు నడిపినట్టు లెక్క రాసి చూపించాలి. లైసెన్సు వచ్చాక కూడా మొదట ఎర్ర ‘పి’ బోర్డు, తర్వాత ఆకుపచ్చ ‘పి’ బోర్డు, మొత్తం నాలుగేళ్ల పరీక్షా కాలం. కనీస వయసు మనదీ వాళ్లదీ ఒకటే, దాని చుట్టూ కట్టిన ఏర్పాటులోనే తేడా.

జర్మనీ అయితే ఎదురు దారిలో వెళ్లింది. 17కే కారు లైసెన్సు ఇచ్చి, 18 వచ్చేదాకా పేరు నమోదు చేసిన పెద్దవాళ్లు పక్కన ఉండాలన్న షరతు పెట్టింది. వయసు దించి కూడా భద్రత పెంచవచ్చన్నది అక్కడి ఆలోచన.

ఎల్ఎల్ఆర్ నుంచి సూపర్‌బైక్ దాకా

తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు తీసుకున్న ఎవరికైనా దారి తెలిసిందే. ముందు ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు), దానికి కంప్యూటర్ మీద ప్రశ్నలు. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిస్తే చాలు, ట్రాక్ టెస్టుకు వెళ్లవచ్చు. ఆ నెలలో ఎన్ని గంటలు నడిపారు, రాత్రి నడిపారా, వానలో నడిపారా, హైవే ఎక్కారా అన్నది అడిగేవాళ్లు లేరు. టెస్టు రోజున ట్రాక్ మీద కాలు నేల తాకకుండా 8 ఆకారంలో బండి నడపగలిగితే టూ వీలరు లైసెన్సు వచ్చినట్టే. 8 వేయడం బ్యాలెన్స్‌కు పరీక్ష, ట్రాఫిక్‌లో ముప్పును పసిగట్టడానికి కాదు.

దాటిన తర్వాత మెట్లు లేవు. గేరు ఉన్న మోటార్ సైకిల్ లైసెన్సుకు ఇంజన్ పరిమితి ఏదీ లేదు. 18 ఏళ్లు నిండి, 100 సీసీ బండి మీద టెస్టు పాసైన కుర్రాడు మర్నాడే 1000 సీసీ బండి కొనుక్కుని ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారిలోకి తీసుకెళ్తే చట్టం అడ్డు చెప్పదు. యూరప్‌లో పెద్ద బైకులకు మెట్లు కట్టారు. 125 సీసీ తరగతి ముందు, 35 కిలోవాట్ల దాకా ఇంకో తరగతి 18 తర్వాత. పరిమితి లేని తరగతికి రెండేళ్ల అనుభవంతో 20, లేదంటే నేరుగా 24.

బీమా కూడా మన దగ్గర వయసును పట్టించుకోదు. అమెరికాలో ఇంట్లో టీనేజ్ డ్రైవరు చేరితే కారు బీమా ప్రీమియం ఒక్కసారిగా పెరుగుతుంది. తల్లిదండ్రులు తాళాలు ఇచ్చే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించడానికి అదొక కారణం. మన దగ్గర టూ వీలరు థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజన్ సీసీని బట్టి ఉంటుంది. నడిపేది తండ్రో 18 ఏళ్ల కొడుకో దానికి సంబంధం లేదు.

మరో మౌలికమైన తేడా ఉంది. పాశ్చాత్య దేశాల దశలవారీ పద్ధతులు ఎక్కువగా కార్లను దృష్టిలో పెట్టుకున్నవి. అమ్మో నాన్నో పక్క సీట్లో కూర్చుని ‘నెమ్మదిగా’ అనగలరు. స్కూటరు వెనక కూర్చున్న తండ్రి బ్రేకు వేయలేడు. మన దగ్గర కొత్తగా నడిపేవాళ్లలో ఎక్కువమంది మొదలుపెట్టేది రెండు చక్రాల మీదే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, వారిలో 44.5 శాతం టూ వీలర్ల మీద వెళ్లినవాళ్లు. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50 వేల మంది. కాబట్టి 120 గంటల పద్ధతిని యథాతథంగా తెచ్చి పెట్టలేం. ఇక్కడ పనికొచ్చేవి ఇంజన్ పరిమితి, మొదటి ఏడాది వెనక మనిషిని ఎక్కించుకోకపోవడం, రాత్రి వేళల ఆంక్ష లాంటివి. వీటిలో ఇంజన్ పరిమితి అమలు తేలిక, బండి నంబరు చూస్తే తెలిసిపోతుంది. రాత్రి ఆంక్ష మాత్రం తనిఖీ చేసే పోలీసు మీద ఆధారపడుతుంది.

గణాంకాల గురించి ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. 2022 మృతుల్లో మూడింట రెండొంతులు 18 నుంచి 45 ఏళ్లవాళ్లని కేంద్ర నివేదిక చెప్పింది. వయసు పెంచాలనేవాళ్లు దీన్ని చూపిస్తుంటారు. అది చనిపోయినవాళ్ల వయసు, తప్పు చేసిన డ్రైవరు వయసు కాదు. పైగా 27 ఏళ్ల విస్తృతి ఉన్న ఆ గుంపు నుంచి 18-21 గురించి ఏదీ తేల్చలేం.

21 చేస్తే ఎవరి మీద పడుతుంది

నగరంలో కారున్న కుటుంబానికి మూడేళ్లు ఆగడం పెద్ద ఇబ్బంది కాదు. ఇబ్బంది పడేది వేరేవాళ్లు. ఐటీఐ, డిప్లొమా ముగించి 19కే పనిలో చేరేవాళ్లున్నారు. ఫుడ్ డెలివరీ, పార్శిల్ పనులు చేసేవాళ్లున్నారు. పాల క్యాన్లు కట్టుకుని తెల్లవారుజామున కేంద్రానికి వెళ్లేవాళ్లు, పొలంలో ట్రాక్టరు నడిపేవాళ్లు ఉన్నారు. బస్సు రోజుకు రెండుసార్లు వచ్చే ఊళ్లో బండి లేకపోతే ఉద్యోగం లేనట్టే. వీళ్లు 21 దాకా ఆగుతారనుకోవడం అమాయకత్వం. లైసెన్సు లేకుండా నడుపుతారు. ఇప్పటిదాకా లైసెన్సు, బీమా ఉన్న లక్షల మంది ఒక్క సవరణతో చట్టానికి బయట పడతారు.

బీమా లేకపోవడం అంటే ప్రమాదంలో దెబ్బతిన్న మూడో మనిషికీ నష్టమే. లైసెన్సు లేనివాళ్లు నడిపిన కేసుల్లో బీమా కంపెనీ ముందు బాధితులకు చెల్లించి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. కొన్నిసార్లు కంపెనీని పూర్తిగా తప్పించాయి కూడా. రెండు పద్ధతుల్లోనూ చివరికి భారం యజమాని నెత్తిన పడుతుంది. అతని దగ్గర ఆస్తి లేకపోతే, కంపెనీ తప్పించుకున్న కేసుల్లో బాధితుడికి మిగిలేది తీర్పు కాగితమే.

మైనర్ల విషయంలో బస్సు ప్రస్తావన తప్పదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. కాలేజీకి వెళ్లే అమ్మాయికి బండికి బదులు చట్టబద్ధమైన దారి ఒకటి దొరికింది, ఆ ఊరికి ఆ వేళకు బస్సంటూ ఉంటే. అదే ఇంట్లోని అబ్బాయికి ఆ వెసులుబాటు కూడా లేదు.

శిక్ష కఠినమే, పడేది ఎంతవరకు?

2019 సవరణతో వచ్చిన సెక్షన్ 199ఏ మామూలు నిబంధన కాదు. మైనరు నేరం చేస్తే తల్లిదండ్రులు లేదా బండి యజమాని దోషి అవుతారు. మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా, 12 నెలలు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ‘నాకు తెలియకుండా తీసుకెళ్లాడు’ అని నిరూపించుకోవాల్సిన బాధ్యత పెద్దవాళ్లదే. సెక్షన్ రాకముందే, 2018లో హైదరాబాద్‌లో పిల్లలకు బండి ఇచ్చిన తండ్రులను కోర్టులు ఒకటి రెండు రోజులు జైలుకు పంపిన సందర్భాలున్నాయి. మామూలు రోజుల్లో మాత్రం విషయం జరిమానా, కౌన్సెలింగ్‌తో ముగుస్తుంటుంది. ప్రత్యేక తనిఖీలు నడిచే వారం పాటు బండ్లు ఇంట్లో ఉంటాయి.

ప్రాణం పోయిన కేసుల్లో చిక్కు ఇంకోటి. 16 నుంచి 18 మధ్య ఉన్నవారిని పెద్దవాళ్లలా విచారించాలంటే అది ‘ఘోర నేరం’ అయి ఉండాలి. 2016లో ఢిల్లీలో ఒక మైనరు నడిపిన కారు వల్ల ఒక యువకుడు చనిపోయిన కేసులో, చట్టం కనీసం ఏడేళ్ల శిక్ష నిర్దేశించిన నేరాలే ఆ కోవలోకి వస్తాయని సుప్రీంకోర్టు 2020 జనవరిలో తేల్చింది. హత్య కిందకు రాని మనిషి మరణానికి అప్పటి చట్టంలో కనీస శిక్ష లేదు కాబట్టి ఆ కేసు జువెనైల్ పరిధిలోనే ఉండిపోయింది. ఇది మారాలంటే మార్చాల్సింది జువెనైల్ చట్టాన్ని, డ్రైవింగ్ వయసును కాదు.

ఎవరు ఏం మార్చగలరు

కనీస వయసు సెక్షన్ 4లో ఉంది కాబట్టి దాన్ని పెంచాలంటే పార్లమెంటు చట్ట సవరణ కావాలి. రాష్ట్రాలు తమంతట తాము పెంచుకోవాలన్నా, మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో ఉన్నందున కేంద్ర చట్టానికి విరుద్ధమైన సవరణకు రాష్ట్రపతి ఆమోదం తప్పనిసరి. ఇవి ఏళ్లు పట్టే పనులు.

ఎల్ఎల్ఆర్ తీసుకున్నాక 30 రోజులు ఆగితే చాలన్న నియమం మాత్రం చట్టంలో లేదు, కేంద్రం రాసిన నిబంధనల్లో ఉంది. దాన్ని కొన్ని నెలలకు పెంచడానికి ఒక నోటిఫికేషన్ దాదాపుగా సరిపోతుంది. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల కోసం 2021లో తెచ్చిన నిబంధనల్లో కారు కోర్సుకు 29 గంటలు పెట్టారు, అందులో 21 గంటలు నడపడమే. ఆ కోర్సు ఇష్టమైనవాళ్లు చేరేది. మొదటి లైసెన్సు కోరే ప్రతి ఒక్కరికీ దాన్ని తప్పనిసరి చేయాలంటే జిల్లాకు ఒకటైనా సరైన కేంద్రం ఉండాలి. టూ వీలరు నేర్చుకునేవాళ్లకు ట్రాఫిక్ మధ్యలో శిక్షణ ఇచ్చే ఏర్పాటు ఉండాలి. ప్రస్తుతానికి ఎక్కువ జిల్లాల్లో కొత్త డ్రైవరుకు బండి నేర్పుతున్నది బావో, పక్కింటి అన్నో, ఊరి బయటి ఖాళీ మైదానమో.